మోరిస్ మైనర్‌లో ఎర్ర లైటు

బర్మింగ్‌హామ్‌లో నేను పనిచేసే గ్యారేజీకి ఆ పెద్దావిడ మొదటిసారి వచ్చింది నవంబరులో. ఎనభై దాటి ఉంటాయి. బండి 1965 నాటి మోరిస్ మైనర్, లేత ఆకుపచ్చ. వాళ్లాయన కొన్నది. ఆయన పోయాక ఆవిడే నడుపుకుంటోంది. "దారి పొడుగునా ఎర్ర లైటు ఆరలేదు" అంది. ఛార్జింగ్ అవ్వట్లేదని చెప్పే లైటు అది.

బెల్టు బిగువుగానే ఉంది. ఇంజన్ తిప్పితే కరెంటు పుట్టించి బ్యాటరీని ఛార్జ్ చేసేది డైనమో. దానికి రెండు టెర్మినళ్లు ఉంటాయి, పెద్దది డీ, చిన్నది ఎఫ్. వాటి వైర్లు ఊడదీసి, ఆ రెంటినీ చిన్న వైరు ముక్కతో కలిపి, అక్కడి నుంచి డైనమో బాడీకి ముల్లు ఉండే వోల్టు మీటరు పెట్టాను. ఇంజన్ వేగం కొద్దికొద్దిగా పెంచుతుంటే ముల్లు తడబడకుండా 20 వోల్టుల వైపు ఎక్కాలి. ఒక వోల్టు దగ్గరే ఉండిపోతే ఫీల్డ్ కాయిల్ మీద, అంటే లోపల అయస్కాంతంలా పనిచేసే తీగచుట్ట మీద అనుమానం. నాలుగైదు దగ్గర ఆగిపోతే ఆర్మేచర్ మీద, అంటే లోపల తిరిగే భాగం మీద. ఇక్కడ ముల్లు ఎక్కుతోంది, పడుతోంది, మళ్లీ ఎక్కుతోంది. అది కార్బన్ల జబ్బు, తిరిగే భాగానికి ఆని కరెంటు బయటికి తెచ్చే బొగ్గు ముక్కలవి. విజయవాడ ఆటోనగర్‌లో సెల్ఫ్, డైనమోల షాపులో ఏడేళ్లు చేతులు నల్లగా చేసుకున్నవాణ్ని, నాకు ఆ ముల్లు చాలు.

మా ఓనర్ ఒప్పుకోలేదు. "విప్పితే పూటంతా పోతుంది, ఆ కూలి ఆవిడ మీద వేయలేం. రీకండిషన్ చేసింది తెప్పించు" అన్నాడు. ఆయన లెక్క తప్పని నేను అనను. ఇక్కడ మనిషి గంట ఖరీదు, వస్తువు చవక. మన దగ్గర అది తిరగబడి ఉంటుంది. నేను చేరి అప్పటికి నాలుగు నెలలే, నా వీసా ఈ ఉద్యోగం మీదే ఉంది. నోరు మెదపలేదు. గట్టిగా చెప్పి ఉండాల్సింది.

పాత డైనమో ఇచ్చేస్తే కొత్తదాని ధర తగ్గుతుంది. ఆవిడ ఆ డబ్బు వదులుకుంది. "అది మాత్రం ఎవరికీ ఇవ్వకండి" అంది. గుడ్డలో చుట్టి అరలో పెట్టాను.

మూడు వారాలకి బండి మళ్లీ వచ్చింది, ఈసారి లారీ మీద ఎక్కించుకుని. రాత్రి వానలో హెడ్‌లైట్లు మసకబారుతూ ఆరిపోయాయట. ఆవిడ ఒక్కతే రోడ్డు పక్కన గంటకు పైగా కూర్చుందట. ఆవిడ ముందు నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆ రీకండిషన్ డైనమో విప్పాను. బయట నిగనిగలాడే నల్ల రంగు. లోపల గోడ నిండా వెండి చుక్కలు, గోరుతో గీస్తే ఊడి వస్తున్నాయి. కార్బన్లు ఆనే రాగి ముక్కల చుట్టు, కమ్యుటేటర్ అంటాం, దానికి వైర్లు అతికించిన టంకం వేడికి కరిగి, తిరిగే వేగానికి చిమ్మింది. ఓనర్ వంగి చూశాడు. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "పాతది నువ్వు బాగుచేయగలవా?" అన్నాడు. రెండు రోజులు కావాలన్నాను.

డైనమో బదులు, తర్వాతి కార్లలో వచ్చిన ఆల్టర్నేటర్ వేద్దామనే మాట కూడా వచ్చింది. రాత్రిళ్లు ఎక్కువ తిరిగే బండికైతే నేనూ అదే వేస్తాను. ఈ డైనమో ఇచ్చేది 22 ఆంపియర్లే, ఇంజన్ ఐడిల్‌లో ఉంటే దాదాపు ఏమీ ఇవ్వదు. కానీ ఈ బండి పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ బండి బాడీకి కలిపి ఉంటుంది. మామూలు ఆల్టర్నేటర్ పెట్టాలంటే ఎర్త్ మార్చాలి, డైనమో ఛార్జింగ్‌ని అదుపు చేసే కంట్రోల్ బాక్స్ తప్పించాలి. సంతకీ, చర్చికీ పోయివచ్చే బండికి అదంతా దేనికి?

పొద్దున్నే ఆటోనగర్‌లో నాకు పని నేర్పిన మా మేస్త్రి గారికి వీడియో కాల్ చేశాను. పాత అంబాసిడర్ల డైనమోలు ఎన్ని విప్పారో లెక్క లేదు ఆయనకి. అంబాసిడర్ కూడా మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిందే కదా.

"ఏరా, ఆ దేశంలోనూ డైనమోలేనా?"

"అవునండీ, లూకాస్ కంపెనీ సీ40 మోడల్, మేస్త్రి గారూ."

"అయితే ముందు వెనక బుష్ చూడు, ఇరుసు తిరిగే ఆ కంచు గొట్టం. కార్బన్లు తర్వాత."

ఆయన నోట ఆ లూకాస్ పేరు విన్నప్పుడల్లా మద్రాసు కంపెనీ అనుకునేవాణ్ని. ఆ లూకాస్ పుట్టిల్లు ఈ ఊరే. గ్రేట్ కింగ్ స్ట్రీట్‌లో పెద్ద ఫ్యాక్టరీ ఉండేది, ఇప్పుడు లేదు.

పాతది విప్పితే, ఒక కార్బన్ అరిగి చిన్న ముక్కైపోయి తన గూట్లోనే ఇరుక్కుంది. కమ్యుటేటర్ మసిబొగ్గు. మేస్త్రి గారు అన్నట్టే బుష్ కూడా వదులైంది. లేత్ మీద కమ్యుటేటర్‌ని పలచగా ఒక కోత తీయించాను. హాక్సా బ్లేడు అంచుల్ని పలచగా అరగదీసి, రాగి ముక్కల మధ్య కరెంటు దాటకుండా అడ్డుండే మైకాని ఒక్కో గాడిలో 0.8 మిల్లీమీటర్ల లోతుకి గీసుకుంటూ పోయాను. చెయ్యి జారితే రాగి మీద గీత పడుతుంది, ఊపిరి బిగబట్టి చేసే పని. కొత్త కంచు బుష్‌ని 24 గంటలు ఇంజన్ ఆయిల్‌లో నానబెట్టాను. దాని సన్నని రంధ్రాలు నూనె తాగాలి. మధ్యలో ఓనర్ రెండుసార్లు వచ్చి డబ్బాలోకి తొంగి చూసి వెళ్లాడు.

బిగించాక, బండికి ఎక్కించే ముందు, బ్యాటరీ ప్లస్ డైనమో బాడీకి, మైనస్ కలిపిన రెండు టెర్మినళ్లకీ ఇచ్చాను. డైనమో మోటారులా నెమ్మదిగా, సాఫీగా తిరగడం మొదలుపెట్టింది. కార్బన్లు సర్రుమనే ఆ చప్పుడు వినగానే ఆటోనగర్‌లో మా బల్ల ముందు నిలబడ్డట్టే అనిపించింది.

బండిలో స్టార్ట్ చేసి కొంచెం రేజ్ ఇచ్చేసరికి ఎర్ర లైటు ఆరిపోయింది. ఆవిడ నా చేతిని రెండు చేతులతో పట్టుకుని వదల్లేదు.

సాయంత్రం మేస్త్రి గారికి ఫొటో పంపితే, అర్ధరాత్రి దాటినా మెలకువగానే ఉన్నట్టున్నారు, ఒక్క లైను వచ్చింది: "వెనక నూనె కన్నం ఆవిడకి చూపించావా?"

చూపించలేదు. మర్నాడు ఫోన్ చేసి రమ్మన్నాను. బానెట్ ఎత్తి, ఆవిడ చేతికే నూనె డబ్బా ఇచ్చి, వెనక బుష్‌కి నూనె అందే ఆ కన్నంలో రెండు చుక్కలు వేయించాను.