కాజీపేటలో దిగండి, వరంగల్‌లో కాదు

వచ్చే డిసెంబరులో మినీ డెబ్‌కాన్ఫ్ అనే రెండు రోజుల సాఫ్ట్‌వేర్ డెవలపర్ల సమావేశాన్ని మా హనుమకొండలో జరపాలని కోరుతూ నేను, మరో నలుగురు మిత్రులు కలిసి ఒక ప్రతిపాదన సిద్ధం చేస్తున్నాం. సొంత ఊరి గురించి రాయడమే కదా, ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోతుందనుకున్నాను. మూడు వారాలు గడిచాయి, ఇంకా కొలిక్కి రాలేదు. మొదటి చిత్తుప్రతిలో వేయి స్తంభాల గుడి, ఖిలా వరంగల్ తోరణం, భద్రకాళి చెరువు వరుసగా వచ్చి కూర్చున్నాయి. ఇలాంటి సమావేశాల నిర్వహణలో తలపండిన ఒక మిత్రురాలికి దాన్ని పంపితే, ఆమె ఒకే ఒక ప్రశ్న రాసి తిప్పి పంపారు: "రాత్రి రెండు గంటలకు ఒంటరిగా రైలు దిగిన అమ్మాయి మీ హాస్టల్ గదికి ఎలా చేరుతుంది?" తోరణం మీద రాసిన పేరా మొత్తం కొట్టేశాను.

తెలియనివారి కోసం రెండు మాటలు చెప్పాలి. 1993 ఆగస్టులో ఇయన్ మర్డాక్ మొదలుపెట్టిన డెబియన్ అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ వ్యవస్థను నడిపేది ఏ కంపెనీ కాదు, ప్రపంచమంతటా చెదిరి ఉన్న స్వచ్ఛంద డెవలపర్లు. వీళ్ళు ఏటా ఒకచోట కలుసుకునే డెబ్‌కాన్ఫ్ 2000లో ఫ్రాన్స్‌లోని బోర్డోలో మొదలైంది. అది ఎక్కడ జరగాలన్నది పైనుంచి ఎవరో నిర్ణయించరు. ఆయా ఊళ్ళవాళ్ళు మా ఊరికి రండని లిఖితపూర్వకంగా అడగాలి, అడిగినవాళ్ళలో ఒకరిని ఎంచుకుంటారు. ఆ పద్ధతి వల్లనే కాబోలు, న్యూయార్క్, కేప్‌టౌన్‌ల పక్కనే బోస్నియాలోని బాన్యా లుకా, కొసావోలోని ప్రిజ్రెన్ వంటి ఊళ్ళు కూడా ఆ జాబితాలో కనిపిస్తాయి. 2023లో అది కొచ్చికి వచ్చింది. మినీ డెబ్‌కాన్ఫ్ అంటే దాని చిన్న రూపం. మన దేశంలో 2022లో పాలక్కాడ్‌లోను, 2023 జనవరిలో విల్లుపురంలోను జరిగింది. పాలక్కాడ్, విల్లుపురం పిలవగలిగినప్పుడు హనుమకొండ ఎందుకు పిలవకూడదన్నదే మా ధైర్యం.

హైదరాబాద్ ఉండగా ఇక్కడెందుకని అడిగేవాళ్ళున్నారు, అడగాల్సిందే. విమానాశ్రయం, హోటళ్ళు, సభామందిరాలు, స్పాన్సర్లు అన్నీ అక్కడే ఉన్నాయి. అయితే హైదరాబాద్‌లో నేను హాజరైన సమావేశాలన్నింటిలోనూ ఒకటే తంతు చూశాను. సాయంత్రం ఐదున్నర కాగానే సగం మంది ట్రాఫిక్ భయంతో సంచులు సర్దుకుంటారు. డెబియన్ సమావేశంలో అసలు పని మొదలయ్యేది ఆ వేళకే, ఉపన్యాసాలు ముగిశాక, పక్కపక్కన కూర్చుని సాఫ్ట్‌వేర్‌లోని బగ్గులు, అంటే లోపాలు, తవ్వుకునే గదిలో. పడక, భోజనం, సభ, పనిగది అన్నీ నడిచిపోయేంత దగ్గరలో ఉండటం ఇక్కడ హంగు కాదు, అవసరం. సెలవుల్లో ఖాళీగా ఉండే హాస్టల్ ఉన్న ఇంజనీరింగ్ కళాశాల ఆ అవసరాన్ని ఏ పెద్ద హోటల్ కన్నా బాగా తీరుస్తుంది.

రెండో కారణం ఇంకా బలమైనది. డెబియన్‌లో అధికారికంగా డెవలపర్ కావాలంటే, పని చేసి చూపించడంతోపాటు, మనం మనమేనని రుజువు చేసే జీపీజీ అనే డిజిటల్ తాళంచెవి మీద ఇప్పటికే డెవలపర్లుగా ఉన్నవారి సంతకాలు సంపాదించాలి. ఆ సంతకం పెట్టేముందు వారు మనల్ని ఎదురుగా చూసి, గుర్తింపు పత్రం పరిశీలించి, మనం కాగితం మీద రాసి తెచ్చిన ఆ తాళంచెవి "వేలిముద్ర"ను, అంటే దాన్ని గుర్తుపట్టే 40 అంకెలు, అక్షరాల వరుసను, సరిచూసుకుంటారు. ఇంటర్నెట్ మీద ఎంత పనైనా చేయవచ్చు కానీ, ఈ ఒక్క పనికి మాత్రం మనిషి మనిషిని కలవడమే ఆనవాయితీ. ఇక్కడి కళాశాలల్లో డెబియన్ కోసం సాఫ్ట్‌వేర్‌ను ప్యాకేజీలుగా కట్టడం నేర్చుకున్న పిల్లలు నాకు తెలుసు. ఒకరిద్దరు పంపిన సవరణలు ఆమోదం కూడా పొందాయి. వాళ్ళలో ఒకమ్మాయి ఆ సంతకం కోసం బెంగళూరు వెళ్దామనుకుని, ఇంట్లో పంపక, ఆగిపోయింది. ఆ అమ్మాయిని బెంగళూరు పంపడం కన్నా ఇద్దరు డెవలపర్లను హనుమకొండ రప్పించడం తేలికని నాకప్పుడే తోచింది. ప్రతిపాదనలో "ఇక్కడే ఎందుకు" అన్న గడిలో ఈ ఒక్క విషయమే రాశాం.

ఇక ప్రయాణం. మాది మూడు ఊళ్ళు కలిసిపోయిన నగరం: కాజీపేట, హనుమకొండ, వరంగల్. రెండు పెద్ద రైల్వే స్టేషన్లు, మధ్య పది కిలోమీటర్ల దూరం. బయటివారికి అంతా వరంగలే కాబట్టి వరంగల్‌కే టికెట్టు తీసుకుంటారు, లేదా అసలు బండే లేదనుకుంటారు. ఢిల్లీ నుంచి హైదరాబాద్ వెళ్ళే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ కాజీపేటలో ఆగి సికింద్రాబాద్ వైపు మళ్ళిపోతుంది, వరంగల్ ముఖం చూడదు. ఢిల్లీ నుంచి చెన్నై వెళ్ళే తమిళనాడు ఎక్స్‌ప్రెస్ వరంగల్‌లో ఆగుతుంది. 2023 సంక్రాంతినాడు మొదలైన సికింద్రాబాద్–విశాఖపట్నం వందేభారత్ ఆగేదీ వరంగల్‌లోనే. మేము అనుకుంటున్న కళాశాల కాజీపేట వైపు ఉంది. మా నాన్న కాజీపేట లోకో షెడ్డులో పనిచేసి పదవీ విరమణ పొందినవారు. ఏ బండి ఎక్కడ ఆగుతుందో ఆయనను అడిగి పట్టిక తయారు చేస్తుంటే, చివరకు విసుక్కుని, "ఇన్ని గీతలెందుకురా, రెండు స్టేషన్లల్ల ఆగే బండైతే కాజీపేటల దిగమను, ఒడిసిపాయె" అన్నారు. దాన్నే పత్రానికి మొదటి వాక్యం చేశాను.

విమానంలో వచ్చేవారికి చెప్పగలిగింది తక్కువ. శంషాబాద్‌లో దిగి, ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా ఘట్‌కేసర్ చేరి, అక్కడినుంచి జాతీయ రహదారి పట్టుకోవాలి. నాలుగు గంటలు వేసుకోవడం మంచిది. మామునూరులో నిజాం కాలపు విమానాశ్రయం ఉంది, దాన్ని తిరిగి తెరవడానికి 2025లో కేంద్రం అనుమతి కూడా ఇచ్చింది. మా బృందంలో ఒకరు దాన్ని రాయాలని పట్టుబట్టారు. లేని విమానం ఎక్కి ఎవరూ రారు కాబట్టి తీసేశాం.

తేదీల దగ్గర నేను బోల్తా పడ్డాను. హాస్టళ్ళు ఖాళీ, ఎండ లేదు, పిల్లలకు సెలవులు అని లెక్కేసి సంక్రాంతి తరువాతి శని, ఆదివారాలు రాశాను. ఆ రెండు రోజుల్లో కోస్తా నుంచి హైదరాబాద్‌కు తిరిగివెళ్ళే జనమంతా మా మీదుగానే పోతారని, రైల్లో నిలబడే చోటు కూడా దొరకదని పత్రం పంపబోయే ముందు గుర్తొచ్చింది. ఎండాకాలం మాట ఎత్తనక్కర్లేదు. వర్షాకాలమూ వద్దనుకున్నాం, 2023 జూలై వరదలో హనుమకొండ కాలనీలు మునిగినప్పుడు చూశాం, 2024 సెప్టెంబరు మొదట్లో మహబూబాబాద్ జిల్లాలో పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి బండ్లు ఆగిపోయినప్పుడూ చూశాం. దసరా ముందు బతుకమ్మ రోజుల్లో ఊరు చూడముచ్చటగా ఉంటుంది, గది మాత్రం దొరకదు. మాఘమాసంలో సమ్మక్క సారలమ్మ జాతర రెండేళ్ళకొకసారి వస్తుంది కాబట్టి, 2026 జనవరిలో జరిగిన జాతర మళ్ళీ 2028లోనే. అయినా ఆ సంగతి కూడా రాసిపెట్టాం, రేపు ఇంకెవరైనా తేదీలు జరిపితే బస్సులన్నీ మేడారం వెళ్ళిన వారంలో చిక్కుకోకూడదని. అలా ఏరుకుంటూ పోతే డిసెంబరు మిగిలింది.

నాకు ఎక్కువ సమయం పట్టింది నెట్‌వర్క్. కళాశాలవారు ఎంతో ఆదరంగా లాబ్ చూపించారు, వేగం కూడా బాగానే ఉంది. వెళ్ళేముందు ఊరికే నా ల్యాప్‌టాప్ తీసి దూరపు కంప్యూటరులోకి భద్రంగా ప్రవేశించే ఎస్‌ఎస్‌హెచ్‌తో బయటి సర్వరుకు కొట్టి చూశాను. కర్సరు అలాగే కొట్టుకుంటూ ఉండిపోయింది. నిమిషం, రెండు నిమిషాలు, చివరకు సమయం మించిందన్న సందేశం. వెబ్ పేజీలకు కావలసిన 80, 443 పోర్టులు (నెట్‌వర్క్ ద్వారాలు) తప్ప మిగతావన్నీ మూసేశారు. ఎస్‌ఎస్‌హెచ్ వాడే, డెవలపర్లకు ప్రాణాధారమైన 22 కూడా అందులో పోయింది. లాబ్ చూసుకునే ఆయన, "తెరిస్తే పిల్లలు ఆటలాడుకుంటరు సార్" అన్నారు, అది అబద్ధమూ కాదు. సమావేశానికి విడిగా ఒక నెట్‌వర్క్ వేసి, దానికి మాత్రం ఆంక్షలు తీసేయమని అడిగితే, ప్రిన్సిపల్ గారి ఉత్తర్వు ఉంటే రెండు నిమిషాల పని అన్నారు.

విడి నెట్‌వర్క్ అన్నాక మరో లెక్క ఎదురైంది. మేము 150 మందిని అనుకుంటున్నాం. ఒక్కొక్కరి దగ్గర ఒక ల్యాప్‌టాప్, ఒక ఫోన్ వేసుకున్నా 300 పరికరాలు. సాధారణంగా రౌటరు పెట్టె విప్పగానే ఉండే అమరికలో మహా అయితే 254 చిరునామాలే పంచగలదు; అంటే టీ విరామానికల్లా చివర వచ్చిన దాదాపు యాభై పరికరాల్లో సిగ్నల్ నిండుగా కనిపిస్తుంది, ఇంటర్నెట్ మాత్రం రాదు, ఎందుకో ఎవరికీ అర్థం కాదు. ఎన్ని చిరునామాలుండాలో నిర్ణయించే నెట్‌వర్క్ మాస్కును 24 నుంచి 22 బిట్లకు తగ్గిస్తే 1022 చిరునామాలు వస్తాయి, పైసా ఖర్చు లేదు. అలాగే అందరూ ఒకే ప్యాకేజీలను పదేపదే బయటినుంచి దింపుకోకుండా, ఆప్ట్-క్యాచర్-ఎన్‌జీ అనే ప్రోగ్రాం పెట్టిన పాత కంప్యూటరు ఒకటి హాలు మూలన ఉంచుతాం. ఒకరు దింపుకున్నది మిగతావారికి అక్కడినుంచే అందుతుంది. ప్లగ్గులకు, జంక్షన్ బాక్సులకు, జనరేటరుకు టెంట్ హౌస్ వాళ్ళున్నారు. పెళ్ళిళ్ళకు వేసేవాళ్ళకు ఇదేం లెక్క కాదు గానీ, వైర్ల మీద టేపు అంటించాలని మాత్రం రెండుసార్లు చెప్పాను.

నెట్‌వర్క్ కన్నా మొండిది గేటు. అమ్మాయిల హాస్టల్ రాత్రి తొమ్మిదిన్నరకు తాళం వేస్తారు. పనిగది తెల్లవార్లూ తెరిచి ఉంచి, అందులో ఆడవాళ్ళు తొమ్మిదిన్నర దాకానే ఉండాలంటే, ఆ సమావేశం సగం మందికే జరిగినట్టు. ఈ సంగతి సూటిగా చెప్పినప్పుడు కళాశాలవారు కాసేపు మౌనంగా ఉండి, సెలవుల్లో ఆ భవనాన్ని అతిథి గృహంగా పరిగణిస్తామని, మహిళా వాచ్‌మన్‌ను రాత్రంతా ఉంచుతామని అన్నారు. మాటగా అన్నారు, కాగితం ఇంకా రాలేదు. అందుకే కళాశాల పేరు ఇక్కడ రాయడం లేదు.

విదేశీయులు ఎవరైనా వస్తే బస ఇచ్చినవారు 24 గంటల్లో వారి వివరాలు ప్రభుత్వానికి తెలపాలి, సమావేశ వీసాకు కేంద్రం ముందస్తు అనుమతులు కావాలి. చిన్న సమావేశమే చాలనుకోవడానికి అదీ ఒక కారణం.

భోజనాల విషయంలో వంట ఆయనతో జరిగిన బేరం చెప్పాలి. కారం తగ్గించమంటే, "ఇదేం కారం సార్, మా పిల్లలు తింటరు" అని ఒక ముద్ద పప్పు నా అరచేతిలో పెట్టారు. మిర్చి పండే నేల ఇది. నాకే కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి. పాలు, పెరుగు, నెయ్యి కూడా ముట్టనివారు కొందరుంటారని చెప్పినప్పుడు ఆయన నిజంగా బాధపడ్డారు. చివరకు పప్పుకు నూనె తాలింపు, నెయ్యి విడిగా గిన్నెలో, ప్రతి గిన్నె ముందు అందులో ఏముందో రాసిన అట్ట అని కుదిరింది.

తెలుగు పని కోసం ఒక పూట కేటాయించాం. డెబియన్ ఇన్‌స్టాలరులో తెలుగును ఎంచుకోవచ్చు, కాకపోతే గుణింతాలు, ఒత్తులు సరిగా కూర్చాలి కాబట్టి గ్రాఫికల్ ఇన్‌స్టాలరులోనే. పిల్లలచేత దాన్ని మొదటినుంచి చివరిదాకా తెలుగులో నడిపించి, తప్పుగానో కృతకంగానో తోచిన ప్రతి వాక్యాన్ని అక్కడికక్కడే సవరించి పంపించాలని ఆలోచన. డెబియన్‌లోని తెలుగు ఫాంట్ల ప్యాకేజీలో పోతన2000 అనే ఫాంటు ఉంది. పోతన మా పాలకుర్తి దగ్గరి బమ్మెరవాడు కాబట్టి డెబియన్‌లో మా ప్రాంతం ఎప్పుడో చేరిపోయిందని ఒక వాక్యం రాసుకున్నాను. పోతన తమవాడనే ఒంటిమిట్టవారు కొట్లాటకు వస్తారని మిత్రులు తీయించేశారు.

మూడో రోజు వెళ్ళగలిగినవారి కోసం రామప్ప. పాలంపేటలో 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడి 2021లో యునెస్కో జాబితాలో చేరింది. ఇసుక నింపిన పునాది మీద నిలబడి, నీళ్ళలో తేలేంత తేలికైన ఇటుకలతో శిఖరం మోసే ఆ కట్టడం ఇంజనీర్లకు నచ్చకుండా ఉండదు. పైగా కట్టించిన ప్రభువు పేరుతోనో దేవుడి పేరుతోనో కాక, చెక్కిన శిల్పి పేరుతో పిలుస్తారని ప్రతీతి. ఆ దగ్గరలోనే ఉన్న లక్నవరం చెరువులో పడవ షికారు కూడా మొదట రాశాం, తరువాత తీసేశాం. కొచ్చి డెబ్‌కాన్ఫ్‌లో విహారయాత్ర రోజున కయాకింగ్‌కు వెళ్ళిన ఒక యువ డెవలపర్ నీటిలో ప్రాణాలు కోల్పోయాడు. ఆ వార్త చదివిన వాళ్ళం, నీళ్ళ జోలికి వెళ్ళదలచుకోలేదు.

మిత్రురాలి ప్రశ్నకు జవాబు మాత్రం నిన్న రాత్రి పూర్తయింది. వచ్చేవారు ముందుగా తమ బండి నంబరు పంపాలి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా కాజీపేట స్టేషన్‌లో మా బృందంవారు ఇద్దరు, అందులో ఒకరు ఆడవారు, బోర్డు పట్టుకుని ఉంటారు. మాట్లాడిపెట్టిన రెండు ఆటోలు బయట నిలబడి ఉంటాయి. డ్యూటీ పట్టిక భోజనాల బల్ల మీద పెట్టి పేర్లు నింపుతుంటే, ఖాళీగా మిగిలిన రెండు గంటల నుంచి నాలుగు గంటల గడి నాన్న కంట పడింది. "ఆ బండ్లకు నా పేరు రాయి. ఆ ప్లాట్‌ఫారం మీద రాత్రుళ్ళు నాకేం కొత్త?" అన్నారు. తోడుగా అమ్మ పేరు కూడా ఆయనే రాయించారు; ఇంకా అమ్మను అడగలేదు.