సిఫారసు లేఖ ఎవరిని అడగాలి: నా అనుభవం

అమెరికా కాలేజీల దరఖాస్తుల్లో నన్ను ఎక్కువ రోజులు తిప్పలు పెట్టింది వ్యాసం కాదు, సిఫారసు లేఖ. వ్యాసం నచ్చకపోతే కొట్టేసి మళ్ళీ రాసుకోవచ్చు. లేఖ రాసేది మరొకరు. ఆ మరొకరు ఎవరన్నది తేల్చుకోవడమే నా చేతిలో ఉన్న పని.

మొదట లెక్కల మేడం దగ్గరికి వెళ్ళాను. పదకొండో తరగతిలో ఆవిడ పెట్టిన పరీక్షలన్నింటిలో నావే ఎక్కువ మార్కులు. ఆవిడ కాసేపు ఆలోచించి, "రాయమంటే రాస్తానమ్మా. కానీ మార్కులు తప్ప నీ గురించి నాకు తెలిసిందేముంది? అవి మార్కుల పత్రంలో ఎలాగూ ఉంటాయి కదా" అన్నారు. మనసు చివుక్కుమంది. కానీ ఏడాదంతా ఆ తరగతిలో నేను నోరు తెరిచి ఒక్క ప్రశ్న అడగలేదు. మొహమాటానికి ఒప్పుకుని నాలుగు పొడి మాటలు రాసి పంపనందుకు ఆవిడకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

ఆ సాయంత్రం ఉపాధ్యాయుల పేర్లు వరసగా రాసుకుని, ఒక్కొక్కరి ఎదురుగా వారు నన్ను కళ్ళారా చూసిన ఒక సంఘటన రాయడానికి కూర్చున్నాను. చాలా పేర్ల ఎదుట ఖాళీయే మిగిలింది. ఫిజిక్స్ సార్ పేరు దగ్గర మాత్రం కలం ఆగలేదు.

ఆయన సబ్జెక్టులో నా మార్కులు అంతంతమాత్రమే. లోలకం ప్రయోగంలో గురుత్వ త్వరణం 9.8 రావలసింది, నాకు 9.2 వచ్చింది. అంకెలు సర్ది రికార్డులో రాసేయడం నాకు చేతకాలేదు. మూడు రోజులు మధ్యాహ్నం విరామంలో ప్రయోగశాలకు వెళ్ళి మళ్ళీ మళ్ళీ చేశాను. చివరికి తప్పు దొరికింది. నేను కొలిచిన 30 సెంటీమీటర్లు దారం పొడవు మాత్రమే. గుండు కేంద్రం దాకా కొలవాలి, అంటే ఇంకో 2 సెంటీమీటర్లు. 32 వేసి లెక్క కడితే 9.8 వచ్చింది. తలెత్తి చూస్తే, సార్ తాళంచెవి చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఎంతసేపటి నుంచి ఉన్నారో!

గడువు నవంబరు 1. ఆగస్టులోనే వెళ్ళి, "నా గురించి నమ్మకంగా రాయగలననిపిస్తేనే రాయండి సార్" అని అడిగాను. వెంటనే ఒప్పుకున్నారు. నేను దరఖాస్తు చేస్తున్న కాలేజీల్లో ఒకటైన ఎం.ఐ.టి. లెక్కలు లేదా సైన్సు నుంచి ఒక లేఖ, భాషలు, చరిత్ర వంటి వాటి నుంచి మరొకటి అడుగుతుంది. రెండోదానికి, ఒకే వ్యాసాన్ని నా చేత నాలుగుసార్లు తిరగరాయించిన చరిత్ర మేడం ఉండనే ఉన్నారు.

మిగతా కాలేజీల కోసం కామన్ యాప్ (చాలా కాలేజీలకు ఒకేచోట దరఖాస్తు చేసే వెబ్‌సైటు) నింపుతుంటే ఒకచోట మాత్రం చేయి ఆగింది. విద్యార్థుల రికార్డుల గోప్యత కోసం అమెరికా 1974లో చేసిన ఫెర్పా చట్టం ప్రకారం, కాలేజీలో చేరాక మన లేఖను చూసే హక్కు మనకుంటుంది; దాన్ని వదులుకుంటారా అని అడుగుతారు. వదులుకున్నాను. విద్యార్థి చూడదని తెలిసి రాసిన మాటకే చదివేవారి దగ్గర విలువ ఎక్కువ. పైగా, నమ్మి అడిగినవారి మీద నిఘా ఎందుకు?

సెప్టెంబరులో సార్ నా ప్రయోగాల రికార్డు అడిగి తీసుకున్నారు. రెండు రోజుల తర్వాత తిరిగి ఇచ్చినప్పుడు, లోలకం పేజీలో గుర్తుగా పెట్టిన కాగితం ముక్క అలాగే ఉంది. దాన్ని నేను తీయలేదు.