ఐదు నెలల ఓడ

నిన్న ఒంగోల్లో ప్రేయర్ మీటింగ్ హిల్ ఎక్కి చెమట తుడుచుకుంటుంటే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జ్యూయెట్ దొరే గుర్తొచ్చాడు. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఇక్కడే ప్రార్థన చేసిన మనిషి. 1862లో అమెరికా వెళ్తే, ఆయన పనిచేసే నెల్లూరు మిషన్ మూసేద్దామన్నారట అక్కడి మిషన్ బోర్డువాళ్లు. ఈయన మాత్రం వెనక్కి పోతాను, చస్తే తెలుగువాళ్ల మధ్యే చస్తానని పట్టుబట్టాడంటారు.

1864 నవంబరు ఆఖర్లో బోస్టన్‌లో ఓడెక్కాడు, పక్కన కొత్తగా మిషనరీగా వస్తున్న క్లౌ దొర. సూయజ్ కాలువ ఇంకా తెరవలేదు కాబట్టి ఆఫ్రికా మొత్తం చుట్టి, మద్రాసులో దిగి, నెల్లూరు చేరేసరికి 1865 ఏప్రిల్. అన్ని నెలలు నీళ్ల మీద ఏం చేసుంటారు? క్లౌకి మన అ ఆలు దిద్దించే ఉంటాడు పాపం.

మొన్న నా డల్లాస్ ఫ్లైట్ నాలుగు గంటలు లేటని ఇంటిల్లిపాదికీ ఫోన్ చేసి గోల పెట్టాను.