ఒక గ్లాసు కాఫీ ఎక్కువ

మూడు నెలలు పెరంబూరులో మా ఇంట్లో ఉన్న జర్మనీ అమ్మాయి నిన్న రాత్రి విమానం ఎక్కింది. పొద్దున అమ్మ అలవాటుగా ఒక గ్లాసు కాఫీ ఎక్కువ కలిపింది.

స్టూడెంట్ ఎక్స్ఛేంజ్ మీద వస్తోందనగానే నాకు ఒకటే టెన్షన్. మన కారం తినగలదా, చెన్నై ఉక్కపోత తట్టుకుంటుందా అని. అమ్మకి ఇంగ్లిష్ రాదు, ఆ పిల్లకి తెలుగు రాదు. అయినా నాలుగో రోజుకల్లా ఇద్దరూ కూర్చుని గోంగూర ఒలుస్తున్నారు! ఏం మాట్లాడుకునేవాళ్లో గానీ, "అమ్మా, ఇంకొంచెం నెయ్యి" మాత్రం స్పష్టంగా వినబడేది. (నేనడిగితే ఎప్పుడూ అంత పడలేదు.)

తనని పంపింది ఏఎఫ్ఎస్. 1915లో, మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డవాళ్లను మోసిన అంబులెన్స్ వాలంటీర్లతో పుట్టిన సంస్థ. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఆ డ్రైవర్లే విద్యార్థుల్ని దేశాలు దాటించడం మొదలుపెట్టారట. ఇది చెబుతూ, తన ముత్తాత ఆ యుద్ధంలో సైనికుడని నెమ్మదిగా అంది. "మా తాతా వెళ్లాడమ్మా, బర్మాకి" అన్నాడు నాన్న. కాసేపు ఎవరం మాట్లాడలేదు. తర్వాత నాన్న లేచి వెళ్లి బంగినపల్లి కోసుకొచ్చి ప్లేటు తన ముందు పెట్టాడు.

ఇందాకే ఫోటో వచ్చింది. అక్కడి వంటింట్లో మా ఆవకాయ సీసా. మూత సరిగ్గా పెట్టలేదని అమ్మ కంగారు.