షెల్టర్ నుంచి తెచ్చుకున్న కుక్క భయపడుతుంటే

జంతు సంరక్షణ కేంద్రం నుంచి దత్తత తెచ్చుకున్న కుక్క మొదటి వారమంతా ఒక మూలన కదలకుండా పడి ఉంటే, ఇంటికి వచ్చిన బంధువులు దాన్ని చూసి "ఎంత బుద్ధిగా ఉందో!" అని మెచ్చుకోవడం తరచూ జరిగేదే. నా దృష్టిలో సగం ఇబ్బందులు ఆ మెప్పు దగ్గరే మొదలవుతాయి. భయపడిన జంతువు ముందు పారిపోవాలని చూస్తుంది, దారి లేకపోతే ఎదురు తిరుగుతుంది, ఆ రెండూ కుదరవని తోచినప్పుడు బిగుసుకుపోయి ఉండిపోతుంది. ఈ మూడో స్థితినే మనం మంచితనంగా లెక్కవేసి, దాని చుట్టూ చేరి తల నిమిరి, పిల్లల చేత ఎత్తించి, ఫొటోలు తీసుకుంటాం.

మా ఇంటికి వచ్చిన చుక్క హైదరాబాద్ వీధుల్లో పుట్టి పెరిగిన నాటు కుక్క. నుదుటి మీద తెల్లమచ్చ ఉందని మా అమ్మ ఆ పేరు పెట్టింది. బండి గుద్ది కాలికి దెబ్బ తగలడంతో ఎవరో దాన్ని షెల్టర్‌కు చేర్చారు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిందనడానికి గుర్తుగా చెవి కొస కత్తిరించి ఉంది. ఇంటికి రాగానే హాల్లోని దివాన్ కిందకు దూరింది. పెరుగన్నం పెట్టి మేమందరం పక్క గదిలోకి వెళ్లిపోయాకే, వెనక కాళ్లు దివాన్ కిందనే ఉంచి, ముందు కాళ్లు మాత్రం బయట పెట్టి, మెడ సాచి తినేది. స్టీలు పళ్లెం టైల్స్ మీద కాస్త జరిగి చప్పుడైతే చాలు, తిండి వదిలేసి లోపలికి పోయేది. పళ్లెం కింద తడిగుడ్డ మడిచి వేశాక గానీ కడుపునిండా తినలేదు. ఎవరూ దాన్ని బయటకు లాగకూడదని, ఆ మంచం కింద చోటు పూర్తిగా దానిదేనని ఇంట్లో అందరం ఒక మాట అనుకున్నాం. భయపడే కుక్కకు మనం ఇవ్వగలిగిన మొదటి సాయం అదేనని నేను గట్టిగా నమ్ముతున్నాను: దగ్గరకు రావాలా, దూరంగా ఉండాలా అన్నది దాని ఇష్టానికి వదిలేయడం.

భయాన్ని గుర్తుపట్టడానికి తోక ఒక్కటే చూస్తే చాలదు. ఎదుట తిండి లేకపోయినా పెదవులు నాక్కోవడం, నిద్ర రాని వేళ ఆవలించడం, ముఖం పక్కకు తిప్పుకొని కళ్లలో తెలుపు కనబడేలా ఓరగా చూడటం, చెవులు వెనక్కి అణిచిపెట్టడం, చల్లటి గదిలో కూడా రొప్పడం, ఇష్టమైన చికెన్ ముక్కను సైతం ముట్టకపోవడం, ఇవన్నీ "నాకు కాస్త దూరం కావాలి" అని అది చెప్పే తీరులే. గుర్రుమనడం కూడా అలాంటిదే. గుర్రుమన్నందుకు దండిస్తే భయం అలాగే ఉండి హెచ్చరిక మాత్రం పోతుంది. ఆ తర్వాత ఆ కుక్క చెప్పకుండానే కరవవచ్చు.

ఇలాంటి కుక్కను చూడగానే "పాపం, ఎవరో బాగా కొట్టి ఉంటారు" అంటారు. అది నిజం కావచ్చు, కానీ ప్రతిసారీ కారణం అదే కాదు. కుక్కపిల్లకు మూడో వారం నుంచి సుమారు పన్నెండు, పద్నాలుగు వారాల వరకు ఉండే కాలంలో ఏవేవి పరిచయమైతే, పెద్దయ్యాక అవి మామూలు విషయాలుగా కనిపిస్తాయి. 1961లో అమెరికాలో వెలువడిన ఒక ప్రయోగంలో, పద్నాలుగు వారాల వయసు వరకు మనుషుల స్పర్శ లేకుండా ఆవరణలో పెరిగిన కుక్కపిల్లలు, ఎవరూ కొట్టకపోయినా, తిట్టకపోయినా, మనుషులకు మచ్చిక కావడం చాలా కష్టమైంది. మన వీధి కుక్కల సంగతి ఇంకో రకం. వాటికి మనుషులు, ఆటోలు, బస్సుల హారన్లు పుట్టినప్పటి నుంచీ తెలుసు, తెలియనిది ఇల్లు. లారీ పక్కనే నిద్రపోగలిగిన చుక్క మిక్సీ చప్పుడుకు వణికేది, లిఫ్టు తలుపులు తెరుచుకుంటే నేలకు కరుచుకుపోయేది, జారే టైల్స్ మీద అడుగు వేయలేక నిలబడిపోయేది. పైగా పుట్టుకతో వచ్చే స్వభావం ఒకటుంటుంది. ఒకే ఈతలోని పిల్లల్లో కూడా ఒకటి చొరవగా, ఇంకొకటి బెరుకుగా ఉంటాయి.

మిక్సీ విషయంలో మేము చేసిన పని చాలా చిన్నది, ఓపిక మాత్రం ఎక్కువ కావలసి వచ్చింది. వంటింటి తలుపు వేసి అమ్మ ఒక్క క్షణం మిక్సీ తిప్పేది. చివరి గదిలో చుక్కతో కూర్చున్న నేను ఆ చప్పుడు వినబడిన వెంటనే ఉడికించిన చికెన్ ముక్క వేసేదాన్ని. ఇక్కడ వరుస ముఖ్యం: ముందు చప్పుడు, ఆ వెనకే తిండి. తిండి ముందు పెడితే, తినబోతున్నప్పుడల్లా ఏదో ఆపద వస్తుందని కుక్క అనుమానించడం మొదలుపెడుతుంది. అది ముక్క తినడం మానేసిన రోజున మేము తొందరపడ్డామని అర్థం చేసుకొని, దూరం పెంచి మళ్లీ మొదలుపెట్టేవాళ్లం. కొన్నాళ్లకు మిక్సీ చప్పుడు కాగానే నా చేతి వైపు చూడసాగింది.

భయపడినప్పుడు ఓదారిస్తే భయం ఇంకా అలవాటవుతుందన్న మాట ఇప్పటికీ చాలామంది చెబుతారు. అది సరికాదు. భయం కుక్క కావాలని చేసే పని కాదు కాబట్టి, తిండి పెట్టినంత మాత్రాన, పక్కన కూర్చున్నంత మాత్రాన అది పెరగదు. మా పక్కింటి బాబాయిగారు మంచి మనసుతోనే "రెండు తగిలించమ్మా, దారికొస్తుంది" అని సలహా ఇచ్చారు. పశు ప్రవర్తన మీద పనిచేసే అమెరికా పశువైద్యుల సంఘం 2021లో ఇచ్చిన ప్రకటనలో దండన పద్ధతులు వద్దని, బహుమతితో నేర్పే పద్ధతులే వాడాలని స్పష్టంగా చెప్పిందని నేను ఆయనకు వివరించాను. ఇప్పుడు ఆయన గేటు దగ్గర చుక్క కనబడితే ఎదురుగా రాకుండా పక్కకు తిరిగి నిలబడి, బిస్కెట్టు నేల మీద వేసి వెళుతున్నారు.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టే విషయం, ఇలా తెచ్చుకున్న కుక్కలు మొదటి రోజుల్లోనే తప్పించుకుపోవడం. బెదిరిన కుక్క వెనక్కి గుంజుకుంటే మెడపట్టీ తలమీదుగా జారిపోతుంది. అందుకే ఛాతీ చుట్టూ వచ్చే హార్నెస్‌కు ఒక తాడు, మెడపట్టీకి ఇంకొకటి కట్టి, రెండూ చేతిలో పట్టుకొని నడిపించడం మంచిది. ఫోన్ నంబరు ఉన్న బిళ్ల ఇంట్లో ఉన్నప్పుడు కూడా తీయకూడదు.

ఇంత చేసినా రోజుల తరబడి తినకపోతే, వణుకు తగ్గకపోతే పశువైద్యుడికి చూపించాలి. నొప్పి కూడా భయంలాగే కనబడుతుంది. కొన్ని కుక్కలకు శిక్షణతో పాటు మందులు అవసరమవుతాయి, అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. ఒంటరిగా వదిలితే కలిగే ఆందోళనకు ఫ్లూక్సెటిన్ అనే మందును శిక్షణతో కలిపి వాడటానికి అమెరికాలో 2007లోనే అనుమతి ఇచ్చారు. అయితే మనుషుల మాత్రలను మందుల షాపులో కొని సొంతంగా ఇవ్వడం ప్రమాదకరం. దీపావళి నాడు టపాకాయలకు తట్టుకోలేని కుక్క ఉన్నవారు పండగ ముందురోజు కాకుండా, నెల ముందే డాక్టరుతో మాట్లాడాలి. మందు మోతాదు ఆ కుక్కకు సరిపడిందో లేదో మామూలు రోజున ఒకసారి చూసుకునే వ్యవధి అప్పుడే దొరుకుతుంది.