తివాచీల మ్యూజియంలో వెల్డింగు ఇన్‌స్పెక్టరు

తుర్క్‌మెనిస్తాన్ గ్యాస్ ప్లాంట్లలో పనిచేసే మాలాంటివాళ్లకు రాజధాని అష్గాబాత్ అంటే వీసా కాగితాలు, విమాన టికెట్టు, ఆ రెండింటి మధ్య ఖాళీగా మిగిలే ఒక పూట. వేసవిలో ఆ పూట వీధుల్లో గడపలేం. పాలరాతి భవనాల మీద పడిన ఎండ తిరిగొచ్చి కళ్లలో కొడుతుంది. అందుకే నేను తివాచీల మ్యూజియంలోకి దూరతాను.

అందరినీ ముందుగా పెద్ద తివాచీ దగ్గరికే తీసుకెళతారు. 301 చదరపు మీటర్లు. 2001లో నేశారు, 2003లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. బరువు టన్నుకు పైనే. గొప్పదే, కాదనను. కానీ అది ఎవరింట్లో పడుతుంది?

నన్ను నిలబెట్టేవి చిన్నవి. పెళ్లికూతురు ఎక్కిన ఒంటెకు రెండు పక్కలా కట్టే అయిదు మూలల అస్మలిక్‌లు, గుడారం గుమ్మానికి తలుపుగా వేలాడే ఎన్సి, బట్టలు దాచుకునే చువాల్ సంచులు. పశువుల వెంట ఊళ్లు మారే కుటుంబాలకు తలుపూ బీరువా కూడా ఆడవాళ్ల మగ్గం మీదే తయారయ్యాయి. ఆ మగ్గమూ నేలలో మేకులు దిగ్గొట్టి పరిచేదే. మకాం ఎత్తేస్తే సగం నేసినదాన్ని చుట్టి ఒంటె మీద వేసుకుని, దిగినచోట మళ్లీ బిగించేవారు. సూట్‌కేసు మీద బతికే నాలాంటివాడికి ఆ ఏర్పాటు చూస్తే అసూయగా ఉంటుంది.

ఊరి బయటి పెద్ద బజారులో అయితే తివాచీని తిరగేసి చూస్తాను. వృత్తిదోషం. నా పని పైపుల జాయింట్ల తనిఖీ. వెల్డింగు పైకి నున్నగా ఉంటే నమ్మం, ఎక్స్‌రే తీస్తాం. తివాచీకి ఆ శ్రమ లేదు. వెనక్కి తిప్పితే ప్రతి ముడీ తేలిపోతుంది, వరుస ఎక్కడ వదులైందో కూడా. మంచి సరుకులో చదరపు మీటరుకు లక్షల ముడులుంటాయి. ఒక్కొక్కటీ వేలితో వేసి, కత్తితో పోగు తెంచి, బరువైన దువ్వెనతో దిగ్గొట్టినదే. కొన్నాక దేశం దాటించాలంటే అది పురాతన వస్తువు కాదని నిపుణులు ఇచ్చే పత్రం ఉండాలి. మా సైటులో బోల్టుకు కూడా సర్టిఫికెట్ అడుగుతారు కాబట్టి నాకది వింతగా తోచలేదు.

దేశపు జెండా మీదా అయిదు తెగల తివాచీ నమూనాలు నిలువునా ఉంటాయి. వాటి గురించి చెబుతున్న గైడుతో, మా గోల్కొండను ఏలిన కుతుబ్‌షాహీల మూలపురుషుడు సుల్తాన్ కులీ కూడా తుర్కొమాన్ వంశీకుడేనని అన్నాను. ఆవిడ ముఖం వెలిగింది. ‘‘అయితే మీ ఇంటినిండా తివాచీలే ఉండాలి’’ అంది. ఈతాకు చాపల సంగతి నేను ఎత్తలేదు.