పిడిచెక్కలు మారిన బాయొనెట్‌ను పక్కన పడేయకండి

పాత బాయొనెట్ (తుపాకీ గొట్టం కొనకు తగిలించే కత్తి) చేతికి రాగానే చాలామంది అలుగు, అంటే కత్తి పలక, మొదట్లో ఉన్న ముద్రల కోసం వెతుకుతారు. నేను ముందు పిడి చూస్తాను. ఆయుధం ఎక్కడ, ఎప్పుడు పుట్టిందో ముద్రలు చెబుతాయి. ఆ తర్వాత అది ఎన్ని చేతులు మారిందో, ఎన్నిసార్లు మరమ్మతుకు వెళ్లిందో తెలియాలంటే మాత్రం పిడికి ఇరువైపులా బిగించిన చెక్కలనే అడగాలి.

విశాఖపట్నంలో నా కంటబడినవాటిలో ఎక్కువ భాగం బ్రిటిష్ సైన్యం వాడిన లీ-ఎన్‌ఫీల్డ్ తుపాకీకి తగిలించే 1907 నమూనా బాయొనెట్లే. 17 అంగుళాల అలుగు, రెండు మరలతో బిగించిన వాల్‌నట్ చెక్కలు దాని ఆనవాళ్లు. అలుగుపై 1907 అని కనిపించగానే అదే తయారైన సంవత్సరమని అమ్మేవారూ కొనేవారూ నమ్మేస్తుంటారు కానీ, అది నమూనా సంవత్సరం మాత్రమే. తయారీ నెల, సంవత్సరం చిన్న అంకెల్లో విడిగా ఉంటాయి. మొదట్లో పిడికీ అలుగుకూ మధ్యనుండే అడ్డకమ్మికి ఉన్న కొక్కేన్ని 1913లో తీసేశారు. తుపాకీకి తగిలించే గాడిలో చేరిన మట్టి బయటికి పోవడానికి పిడి కొనలోని ఉక్కు భాగానికి 1916 నుంచి ఒక గుండ్రటి రంధ్రం పెట్టారు. అంతకుముందు తయారైన వాటికి కూడా మరమ్మతుకు వచ్చినప్పుడు ఆ రంధ్రం వేశారు కనుక, పాత తేదీ ఉన్న కత్తికి రంధ్రం కనిపించినంత మాత్రాన అనుమానపడనక్కరలేదు.

దీనికి కవల సోదరుడిలా కనిపించేది 1913 నమూనా. అయితే అది వేరే తుపాకీ కోసం చేసింది, గొట్టానికి తొడిగే దాని కడియం లీ-ఎన్‌ఫీల్డ్‌కు సరిపోదు. హడావిడిలో సైనికుడు ఒకదానికి బదులు మరొకటి అందుకోకుండా, 1913 రకం చెక్కలపై అడ్డంగా రెండు లోతైన గాళ్లు చెక్కారు. చీకట్లో వేలితో తడిమినా తేడా తెలిసిపోతుంది. అదే గాళ్లు అమెరికా వారి 1917 నమూనాలోనూ ఉంటాయి. నా దృష్టిలో పిడి రూపకల్పనలో ఇంతకన్నా తెలివైన ఏర్పాటు మరొకటి లేదు.

బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో, 1942లో జపాన్ విమానాలు మన ఊరిపై వేయగా పేలకుండా మిగిలిన బాంబును చాలామంది చూసే ఉంటారు. ఆ యుద్ధకాలంలోనే ఇండియాలో ఈ పొడవాటి బాయొనెట్లను 12 అంగుళాలకు కుదించారు. పాతదాన్ని కోసి పొట్టి చేసినదైతే అలుగుపై నిలువునా ఉండే గాడి దాదాపు మొన దాకా సాగిపోతుంది. కొత్తగా పొట్టిగానే చేసిన మార్క్ 2 రకానికి అసలు గాడే ఉండదు. మార్క్ 3కి వచ్చేసరికి పిడి వంపులు కూడా పోయి, చెక్కలు పలకల్లా నలుచదరంగా తయారయ్యాయి. యుద్ధం ముదిరేకొద్దీ పనితనం ఎలా పలచబడిందో ఆ చెక్కల్లోనే కనిపిస్తుంది. జపాన్ వారి టైప్ 30లోనూ ఇదే కథ: తొలినాళ్ల వంపు పిడికి మరలు, చివరి రోజుల తిన్నని పిడికి రివెట్లు. జర్మన్ల 84/98 బాయొనెట్ సంగతి వేరు, అక్కడ చెక్క స్థానంలో బేకలైట్ అనే గట్టి ప్లాస్టిక్ వచ్చింది.

ఇక మార్చిన చెక్కల విషయం. నా దగ్గరున్న 12 అంగుళాల కత్తికి ఒకవైపు చెక్క ముదురు గోధుమరంగులోనూ, రెండోవైపుది కాస్త ఎర్రగానూ ఉంటుంది. కంచరపాలెంలో ఒక పెద్దాయనకు, వృత్తిరీత్యా వడ్రంగి, దాన్ని చూపిస్తే వెలుతురులో అటూ ఇటూ తిప్పి, "ఈ రెండూ ఒక దుంగవి కావు బాబూ, కానీ రెండూ పాతవే" అన్నారు. ఆయన చూసింది చెక్కల అంచులు. ఉక్కును ఆనుకున్న చోట రెండు చెక్కలూ ఒకే ఎత్తున అరిగి, సందులో నూనె, దుమ్ము కలిసి నల్లటి గీతలా గట్టిపడ్డాయి. మర నెత్తి మీది గాడి కూడా చెక్కుచెదరలేదు. అంటే ఒక చెక్క ఎప్పుడో సర్వీసులో ఉండగానే మారిందన్నమాట. నిన్నమొన్న తగిలించిన చెక్కయితే అంచు ఉక్కు కన్నా పైకో కిందికో ఉంటుంది, మర నెత్తి కొత్తగా గీరుకుపోయి ఉంటుంది, రంగు మాత్రం అంతటా ఒకేలా ఉంటుంది. మొదటి రకాన్ని లోపంగా చూసి ధర తగ్గించేవారితో నేను ఏకీభవించను. రెండో రకానికి మాత్రం పాత చెక్కలున్నదాని ధర ఇవ్వకూడదు.

కొనేముందు ఒక మాట. 2016 ఆయుధాల నిబంధనల్లో బాయొనెట్ పేరు స్పష్టంగా ఉంది. లైసెన్సు అవసరమా కాదా అనేది ప్రాంతాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, అమ్మేవాడి మాట మీద ఆధారపడకుండా పోలీసు కమిషనర్ కార్యాలయంలో ముందే కనుక్కోవడం మంచిది.

సముద్రపు గాలికి మన ఊళ్లో తుప్పు ముందు చెక్క కింద, కంటికి కనబడని చోట మొదలవుతుంది. అలాగని మాటిమాటికీ మరలు విప్పకూడదు. సందుల్లోకి పలచని నూనె ఒక చుక్క వదిలి, చెక్కకు అవిసె నూనె పలచగా రుద్దితే చాలు. తోలు ఒరలో పెట్టి బీరువాలో దాచడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి, తోలు చెమ్మ పీల్చి అలుగుకు అంటిస్తుంది. శాండ్‌పేపర్‌ను మాత్రం పిడి దరిదాపులకు రానివ్వకండి.